అమ్మ సాక్ష్యంలోని ఇంగ్లీషు పాట కోసం బ్నీద్ అల్ గార్ దాకా

కువైట్ చూద్దామని ఎవరూ పనిగట్టుకుని వెళ్ళరు. వెళ్తే పనికి వెళ్తారు, లేదా పనిలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్తారు. మా ఆయన అల్ రాయ్‌లో కార్ల వర్క్‌షాపులో చేస్తున్నారు కాబట్టి నేను విజిట్ వీసా మీద వెళ్ళాను. అమ్మను వెంటబెట్టుకెళ్ళింది మాత్రం ఒక పాట కోసం. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు అమ్మ బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. ప్రాణాలతో ఇల్లు చేరినందుకు కోనసీమలోని మా ఊళ్ళో ఏటా చర్చివాళ్ళను పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టి సాక్ష్యం చెబుతుంది. వీధుల్లో సైనికులు తిరుగుతుంటే యజమానురాలు, అమ్మ మాటల్లో మామా, రోజూ వంటగదిలో టేప్‌రికార్డర్ మీద ఒక ఇంగ్లీషు దేవుడి పాట పెట్టేదని, ఆ పాటే తనకు ధైర్యమిచ్చిందని అందులో చెబుతుంది. ఈసారి ఆ పాటను యూత్ పిల్లలచేత పాడిద్దామన్నారు పాస్టర్‌గారు. అమ్మ సరేనని మాటిచ్చేసింది. పాట పేరు తెలియదు, ఒక్క మాటా నోటికి రాదు. ఆమె తీసే రాగాన్ని ఫోనుకి వినిపిస్తే అది పూటకో సినిమా పాట చూపించేది.

శుక్రవారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయని ఆ రోజే బయల్దేరాం. అల్ రాయ్ నుంచి మిర్కాబ్‌కి సిటీ బస్సులో వెళ్ళాం. మనిషికి పావు దీనారుకి కాస్త పైన తీసుకున్నారు, చిల్లర దగ్గరుంటే మంచిది. మిర్కాబ్‌లో టీ తాగి, గంటకు మూడు దీనార్లకు టాక్సీ మాట్లాడుకున్నాం. డ్రైవర్ ఓబులేసు రాయచోటి మనిషి. తెలుగు వినగానే అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

“యాడికి పోవాల మా?”

“బ్నీద్ అల్ గార్ నాయనా. సముద్రం వైపు సందు. తెల్లగోడ, పచ్చగేటు.”

“ఆ కాలం ఇండ్లు పడగొట్టి చానా ఏండ్లాయ. అన్నీ అపార్ట్‌మెంట్లే ఇప్పుడు. చూద్దాం పదండి, యల్లా.”

పేరుకి పది నిమిషాల దూరం. అక్కడికి చేరాక మాత్రం ఒకే సందులోకి పదేపదే వెళ్ళామో, వేర్వేరు సందుల్లో తిరిగామో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ ఇదేనంటుంది, దిగి చూసి కాదంటుంది. సముద్రం కుడివైపు ఉండాలంటుంది, కారు తిప్పితే ఎడమవైపేమో అంటుంది. చివరికి ఒక మూల బకాలా ముందు ఆపించింది. బకాలా అంటే మన కిరాణా కొట్టే. కొట్టు కొత్తదే గానీ మలుపు మాత్రం పాతదేనంది.

మేం పాట కోసం వచ్చామని విని ఓబులేసు తన ఫోను తీశాడు. అమ్మ ప్రార్థనలో పాడినట్టు సాగదీసి పాడింది. ఫోనుకి ఏమీ దొరకలేదు.

“కొంచెం బిరబిర పాడు మా. ఆయమ్మ యెట్ల పెట్టేదో అట్లనే.”

అమ్మ కారు దిగి ముందుకొచ్చింది. “అది మోగేటప్పుడు నేను రొట్టెల పిండి పిసికేదాన్ని” అని, కారు బానెట్ మీద రెండు చేతులతో పిండి పిసికినట్టు దరువేస్తూ పాడింది. ఇన్నేళ్ళూ చర్చి నడకకు సాగిపోయిన రాగం ఒక్కసారిగా పరుగందుకుంది. ఫోను ఠక్కున పట్టేసింది.

అమెరికా నల్లజాతి గాయని ఒకావిడ పాడిన పాత సోల్ పాట, ఒకప్పుడు ఊరూరా మోగిన హిట్టు. చర్చి పాటల్లోంచి పుట్టిన బాణీ కాబట్టి ఆర్గాన్ ఉంది, వెనకనుంచి వంత పాడే ఆడవాళ్ళున్నారు. అమ్మ పొరబడిందంటే తప్పేముంది. పాట మొదలవగానే కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. ఓబులేసు కూడా టోపీ తీశాడు. నాకు మాత్రం మాటలు అర్థమవుతున్నాయి. వెళ్ళిపోయిన మగవాణ్ణి తిరిగి రమ్మని, అతను లేని పడక మీద నిద్ర రావడం లేదని బతిమాలుతోంది. నాకు భయమేసింది. మా యూత్ పిల్లలు ఇంగ్లీషు మీడియం వాళ్ళు. మొదటి చరణానికే మొహాలు చూసుకుంటారు, అమ్మ సాక్ష్యం కాస్తా సంఘంలో నవ్వులపాలవుతుంది. చెప్పాలా, ఊరుకుని వేరే పాట ఏదో ఇవ్వాలా, ఎటూ తేల్చుకోలేకపోయాను. పాట అయ్యాక నోరు జారినట్టే చెప్పేశాను.

“అమ్మా, ఇది దేవుడి పాట కాదు. ప్రేమ పాట. వెళ్ళినవాణ్ణి రమ్మంటోంది.”

“అదెలా అవుద్దే? పాటవగానే నేను ఆమేన్ అంటే మామా కూడా ఆమీన్ అనేది. ప్రేమ పాటకి ఎవరన్నా అలా అంటారా?”

“వాళ్ళు దువా చేసినా అదే అంటారు కద మా. నువ్వంటే ఆయమ్మా అనింటాది” అన్నాడు ఓబులేసు.

అమ్మ గట్టు మీద కూలబడింది.

“బాబా, అదే మామా మొగుడు, అప్పుడు ఊళ్ళో లేడే. పనిమీద లండన్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. పెళ్ళయి ఏడాది కూడా అవలేదు వాళ్ళకి. ఆవిడ టేపు పక్కన కూచుని ఏడిస్తే, నాలాగే ప్రార్థన చేస్తందనుకున్నాను. నేనేమో నన్ను ఇంటికి పంపమని అడిగాను. బస్సెక్కి బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లో అమ్మాన్ చేరి, అక్కణ్ణించి విమానంలో బొంబాయి వచ్చేశాను. ఆవిడ అడిగినాయన వచ్చాడో లేదోనని ఒక్క కూడికలోనైనా అనుకోలేదు.”

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఓబులేసు అప్పటికే వీధి చివరికి చూస్తున్నాడు.

“కనుక్కుందాం మా. నమాజయి పెద్దోళ్ళు వచ్చే టైము. పాతకాలం కువైటీలు ఉంటారు, అరబ్బీలో నేను అడుగుతా. ఏం పేరు ఆయమ్మది?”

“మామా.”

“అట్ల అందరం పిలిచేదే కద. పేరు?”

అమ్మ నోరు తెరిచి, నావైపు చూసింది. నాకు తెలిసుంటుందేమో అన్నట్టు. భర్త పేరు అడిగితే బాబా అంది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పేరున్న ఇఖామా కార్డు ఆ బస్సుల ప్రయాణంలోనే పోయింది, అరబ్బీలో ఉన్న ఆ పేరు చదవడం అమ్మకు ఎప్పుడూ రాదు. దిష్‌దాషాలనే తెల్లటి పొడుగు అంగీల్లో ఇద్దరు ముసలివాళ్ళు మా పక్కనుంచే నడిచి వెళ్ళారు. ఓబులేసు సలాం చెప్పి ఊరుకున్నాడు.

సాయంత్రం అమ్మే పాస్టర్‌గారికి ఫోన్ చేసి పాట వద్దని, ఈ ఏడు సాక్ష్యం కూడా చెప్పనని అంది. కువైట్‌లో ఒకావిడ కోసం ప్రార్థన పెట్టించమంది. ఎవరి కోసమని చెప్పాలమ్మా అని ఆయన అడిగితే, ఫోను నా చేతికిచ్చేసింది. ఒకే వంటగదిలో ఇద్దరాడవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అన్నాళ్ళు ఎలా గడిపారో, ఒకరినొకరు ఏమనుకున్నారో నాకు అర్థం కాలేదు. అమ్మను తీసుకెళ్ళి మంచిపని చేశానో చెడ్డపని చేశానో కూడా తేలలేదు. మీ ఇంట్లోనూ గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన పెద్దవాళ్ళుంటే, పాత ఇల్లు చూపిద్దామని టికెట్లు తీసుకునే ముందు యజమానురాలి పేరేంటో అడగండి. మామా అంటే, మళ్ళీ అడగండి.