ఐదంగుళాల మూతి

తెలంగాణ ఆంధ్రతో కలిసిన ఏడు నేను బోధన్ దగ్గర ఒక చెరుకు కాటా మీద పనికి కుదిరాను. బండ్లు వరుసలో వచ్చి నిలబడేవి. తూకం చదివి చీటీ రాయడం నా పని. చదువు ఏడో తరగతితో ఆగిపోయినా లెక్కలంటే ప్రాణం. బడిలో చెప్పనివి పాత పుస్తకాలు చూసి నేర్చుకున్నాను.

కాటాకు పక్కనే ఒక బడి ఉండేది. అందులో భూగోళం చెప్పే క్రైస్తవ సారు ఒకాయన నాకు అట్లాసు చూడడం నేర్పాడు. వానే ఎరగని ఎడారులు, దినాం వాన కురిసే భూమధ్యరేఖ అడవులు, మంచు కరగని దేశాలు ఒక్కొక్కటే వేలితో చూపించి, చివరికి ఇందూరని మేం పిలిచే మా నిజామాబాద్ జిల్లా మీద వేలు ఆనించాడు. "మనకు నాలుగు నెలలు వాన. మిగతా ఎనిమిది నెలలు దాని మీదనే బతుకు" అన్నాడు. ఇవాళ ఎండ కాస్తే అది వాతావరణమని, ముప్పై ఏళ్ల ఎండా వానా చలీ కలిపి సగటు తీస్తే తేలేది శీతోష్ణస్థితి అని చెప్పింది కూడా ఆయనే.

బదిలీ మీద పోతూ ఆయన తన వానమాపకం నాకు ఇచ్చిపోయాడు. పైన ఒక గరాటు, కింద సీసా, కొలవడానికి గీతలున్న గాజుగొట్టం, అంతే. కాటా పక్కన ఖాళీ జాగాలో దాన్ని పెట్టాను. రోజూ పొద్దున ఒకే వేళకు సీసాలోని నీళ్లు గొట్టంలో పోసి, ఏ గీత దగ్గర నిలిస్తే అది పుస్తకంలో రాసుకోవాలి. ఒక్క దినం కూడా తప్పలేదు. జ్వరం వచ్చిన పొద్దు కూడా గొంగడి కప్పుకొని పోయి చూసి వచ్చాను.

ఐదేళ్లకు గరాటు తుప్పు పట్టి అంచు రాలిపోయింది. బోధన్ బజారులో రేకుపని చేసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాను. అందరూ చాచా అని పిలిచేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచాను. పాతదాన్ని ముందు పెట్టుకొని కొత్తది చేసి ఇచ్చాడు. ఆ ఏడే అంగుళాల లెక్క పోయి మిల్లీమీటర్లు వచ్చాయి. నిజామాబాద్ పోయి కొత్త గాజుగొట్టం కొన్నాను. పాత అంకెలన్నీ కూర్చొని కొత్త కొలతలోకి మార్చాను. ఆ పనిలో మునిగి ఉండి వేరే సంగతి ఏదీ పట్టించుకోలేదు.

మరో పదేళ్లు గడిచాక సగటులు తీశాను. మొదటి ఐదేళ్లకంటే తర్వాతి పదేళ్లలో వాన ఐదో వంతు పెరిగినట్టు తేలింది. నాలుగుసార్లు కూడినా అదే వచ్చింది. అప్పటికి మా చుట్టుపక్కల చెరుకు బాగా విస్తరించింది. కాలువ పారిన మేరకు ఎటు చూసినా పచ్చగా ఉండేది. పచ్చదనం మేఘాన్ని గుంజుతుందని జనం అనేవాళ్లు. చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీ పొగ మేఘాన్ని తరుముతుందని ఇంకొందరు. పసుపు ఉడకబెట్టడానికి మోర్తాడ్ వైపు చెట్లు నరికేస్తున్నారు, వాన ఎట్లా వస్తుందని మరికొందరు. ఎవరి దగ్గరా అంకె లేదు. నా దగ్గర ఉంది. చెరుకే వానను తెస్తున్నదని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను.

మా అన్నకు చందూర్ దగ్గర చెలక, వాన మీద పండే మెట్టనేల, ఉంది. కాలువ నీళ్లు అక్కడికి ఎక్కవు. ఒక బావి ఉంది. ఆ చెలకలో పండే జొన్నే ఆ ఇంటి ఏడాది తిండి. నా మాట విని అన్న మొదటిసారి జొన్న ఆపి చెరుకు నాటాడు. ఎండాకాలం బావితో ఎట్లాగో గట్టెక్కాడు. వానాకాలంలో వాన రాలేదు. బావి అడుగు కనపడింది, గడలు వేలంత లావుకు మించలేదు. ఆ ఏడు ఇంట్లో జొన్నగింజ లేదు. వదిన పొద్దున పిల్లలకు గంజి పోసి, తాను మాపటికి తినేది.

చలికాలంలో అన్న కాటా దగ్గరికి వచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను.

"ఈ ఏడు మళ్ల చెరుకే పెడుతున్న తమ్మీ" అన్నాడు.

"నిరుడు గట్లయింది గద అన్నా?"

"ఒక్క ఏడు జూసి ఆగం గావద్దు, సగటు సూడాలె అని నువ్వే అంటివి గద. పదిహేనేండ్ల బుక్కు నీ తాన ఉన్నది. నా చెలకది ఒక్క ఏడు. ఏది పెద్దది?"

ఆ మాట నేను నేర్పిందే. అన్న సంతోషంగానే పోయాడు.

నాలుగు రోజులకు గరాటు అతుకు ఊడింది. మళ్లీ చాచా దగ్గరికి పోయాను. ఆయన దాన్ని చేతిలో తిప్పి చూసి నవ్వాడు.

"గిది నేనే చేసిన గద బేటా. నువ్వు పాపం దూరంకెళ్లి వచ్చినవని మూతి అరంగుళం ఎక్కువ వెట్టిన. రేకు మిగిలుండె. జర ఎక్కువ నీళ్లు పడ్తయి, మంచిదే గద!"

"గప్పుడే ఎందుకు చెప్పలే చాచా?"

"అరె, తక్కువ ఇచ్చినోడు చెప్పాలె. ఎక్కువ ఇచ్చినోడు చెప్పుకుంటడా?"

ఆయన స్కేలు తీసుకొని అక్కడే కొలిచాను. ఐదున్నర అంగుళాలు. గాజుగొట్టం మీది గీతలు ఐదంగుళాల మూతికి గీసినవి. గుండ్రటి మూతిలో పడే నీళ్లు దాని వెడల్పు వర్గాన్ని బట్టి ఉంటాయి. ఐదైదులు ఇరవై ఐదు. ఐదున్నరను ఐదున్నరతో హెచ్చిస్తే ముప్పై మీద పావు. ఇరవై ఐదు రావలసిన చోట ముప్పై పడుతున్నాయి. అదే ఐదో వంతు. పదేళ్లుగా నేను వాన పెరిగిందన్నది అంతా చాచా ఉదారంగా ఇచ్చిన అరంగుళమే.

మూతి కొలిచి ఉండవలసింది. అదీ కాక, నేను రాసుకున్న వాన పుస్తకమే నాకు చెప్పింది. ఆ పెరుగుదల ఏటేటా కొంచెం కొంచెంగా వచ్చింది కాదు. కొత్త గరాటు పెట్టిన ఏడే ఒక్కసారిగా ఎక్కి అక్కడే నిలబడింది. శీతోష్ణస్థితి అట్లా మెట్టు ఎక్కినట్టు ఎక్కదు. అయినా చూడలేదు. నాకు నచ్చిన కారణం చెరుకు రూపంలో ఎదురుగా పచ్చగా ఉంది కాబట్టి చూడలేదు.

మర్నాడే చందూర్ బస్సు ఎక్కాను. అన్న చెలకలోనే ఉన్నాడు. సాళ్లు తీసి ఉన్నాయి. గట్టు మీద వదిన విత్తనం గడలను ముక్కలు నరుకుతున్నది. మొదటి సాలు ఇంకా పెట్టలేదు. సంచిలోంచి గరాటు తీసి జరిగింది చెప్పాను. లెక్క మట్టి మీద పుల్లతో గీసి చూపించాను. అన్న ఆ గీతలనే చూస్తూ కూర్చున్నాడు.

వదిన కత్తి పక్కన పెట్టింది. "గరాటు మూతి పెద్దగైతే వాన పెద్దగైతదా మరిదీ? గింత సదువుకొని గిదా?"

"తప్పు నాదే వదినా."

"నీ తప్పుకు మా పొయ్యి ఆరింది" అన్నది. ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. గట్టిగా అంటే నాకు బాగుండేది.

అన్న తలెత్తాడు. "మరి అసలైతే వాన పెరుగుతున్నదా, తగ్గుతున్నదా?"

తెలిసినంత చెప్పాను. సరిచేసి చూస్తే పెరుగుదల లేదు. చివరి ఏళ్లు కొంచెం కిందికే వంగినట్టున్నాయి. ఆ వంగడం నిజమో కాదో చెప్పడానికి పదిహేనేళ్లు చాలవు. ఇంకో పదిహేనేళ్లు రాయాలి. అడవి పోవడం, పొగ పెరగడం ఈ గాలిని ఏం చేస్తున్నాయో కూడా అప్పుడే తేలుతుంది.

"అంటే తెల్వదు" అన్నాడు అన్న.

"తెల్వదన్నా."

"గీ మాట మొదాలు చెప్పుంటే అయిపోవు గద తమ్మీ."

లేచి గడల ముక్కలు రెండు చేతులా ఎత్తి ఎడ్ల ముందు పోశాడు. వదిన మిగతావి గంపలో వేసుకొని వచ్చి వాటి మీదనే కుమ్మరించింది. విత్తనం చెరుకు ఎడ్లు తింటుంటే ముగ్గురమూ చూస్తూ నిలబడ్డాం. ఆ వానాకాలం చెలకలో జొన్న వేశారు. పంట గొప్పగా రాలేదు కానీ ఇంటికి తిండి వచ్చింది.

సరైన మూతితో కొత్త గరాటు పెట్టించాను. పాత పదేళ్ల అంకెలు కొట్టేయలేదు. ఒక్కొక్క దాని పక్కన సరిచేసిన అంకె ఎర్ర సిరాతో రాశాను. నా తప్పు ఎంతో చూడాలనుకున్నవాడికి కనపడాలి.

అప్పటినుంచి ఏటా తొలకరి వానల మిరుగం కార్తె ముందు అన్న ఒకసారి కాటా దగ్గరికి వస్తాడు. అన్నం తినడు, మంచిచెడ్డలు అడగడు. నేరుగా వానమాపకం దగ్గరికి పోతాడు. ఐదంగుళాలకు కొలిచి కోసిన జొన్నదంటు ముక్క జేబులోంచి తీసి, మూతి మీద ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా ఆనించి చూస్తాడు.

"సరిగున్నది. ఇగ రాయి" అంటాడు.