అత్తమ్మా నేనూ ఎక్కిన లారీ

మొన్న ఒక మధ్యాహ్నం పార్సెల్ తెచ్చిన కుర్రవాడు గుమ్మం ముందు నిలబడి, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పమని అడిగితే నేను చెప్పలేదు. మా మనవరాలు తెప్పించుకున్న చీర అది, సిరిసిల్ల నుంచే వచ్చిందట. అయినా ముఖం సగం గుడ్డతో కట్టుకున్న ఆ మనిషి ఎవరో, ఏ ఊరివాడో, ఆ నంబరుతో ఏం చేస్తాడో నాకేం తెలుసు? పాపం, బతిమాలాడు, విసుక్కున్నాడు, చివరికి పెట్టెతో సహా వెళ్లిపోయాడు. సాయంత్రం మనవరాలు తల పట్టుకుని, "అమ్మమ్మా, నీకు అందరి మీద అనుమానమేనా?" అంది. అవును, అందరి మీదా అనుమానమే. కానీ అది నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. కోరుట్లలో నేను కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో ఒక లారీతో పాటు మా ఇంటికి వచ్చింది.

మెట్‌పల్లి రోడ్డు పొడవునా ఉండే ఆనాటి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు నా తోటివాళ్లకు గుర్తుండే ఉంటాయి. ముందు రేకుల షెడ్డు, లోపల ఒక బల్ల, గోడకు దేవుడి పటం, బయట పసుపు బస్తాల మీద నడుం వాల్చిన హమాలీలు, టీ గ్లాసు చేతిలో పట్టుకుని టైర్లను కాలితో తన్ని చూసుకునే డ్రైవర్లు. ఇప్పటిలా దేశమంతా ఒకే పేరుతో తిరిగే కంపెనీలు కావవి. కోరుట్లలో కొన్ని, జగిత్యాలలో కొన్ని, సిరిసిల్లలో కొన్ని, ఒక్కొక్కటీ ఒక్కో దేవుడి పేరు పెట్టుకుని, ఆ పేరును క్యాబిన్ నుదుట పూలతీగల మధ్య రాయించుకుని, మన నాలుగు ఊళ్ల మధ్యే బతికేవి. పసుపు మార్కెట్టుకు వచ్చే కాలంలో ఆ రోడ్డంతా ఘాటుగా వాసన వేసేది. దూరంగా హారన్ వినిపిస్తే ఎవరి బండి వస్తోందో వంటింట్లో ఉన్న ఆడవాళ్లం కూడా చెప్పేసేవాళ్లం. ఆ కంపెనీలకు సొంత లారీలు తక్కువ. చాలావరకు మావంటివాళ్లవే, ఇంటి మగవాళ్లు గల్ఫ్ ఎండలో కష్టపడి సంపాదించి కొన్న పాత బండ్లు.

నేను కాపురానికి వచ్చేనాటికే పోయిన మా మామగారు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. ఆయన కొడుకుల్లో ఎవరూ చెట్టెక్కే ఆ మోకు ముట్టలేదు. చిన్నవాడైన మా ఆయన, పెళ్లయిన కొత్తలోనే మస్కట్ వెళ్లాడు. పెద్దవాడు, మా బావ, ఊళ్లోనే ఉండి ఇంటి వ్యవహారాలు చూసేవాడు. లారీ కొని కంపెనీలో పెట్టించింది బావే గానీ, డ్రైవర్‌ను కుదిర్చింది మాత్రం కంపెనీ సేటు. ఆ డ్రైవర్ సిరిసిల్ల మనిషి, మా నాన్న ఈడువాడు, మగ్గం పని దెబ్బతిన్నాక స్టీరింగ్ పట్టినవాడు. ఇక్కడి నుంచి పసుపో మక్కజొన్నలో వేసుకుని కరీంనగర్ వైపు పోవడం, తిరుగుదారిలో సిరిసిల్లలో బట్టల బేళ్లు ఎత్తుకుని జగిత్యాల దుకాణాల్లో దించడం, కోరుట్ల చేరి మా వాకిట్లో బండి పెట్టి, మా అరుగు మీద అన్నం తిని కాసేపు పడుకోవడం, ఇదీ ఆయన పద్ధతి. పచ్చిపులుసు అంటే ప్రాణం ఆయనకు. తలెత్తి నాతో మాట్లాడిన గుర్తు లేదు, ఏం కావాలన్నా మా అత్తమ్మనే అడిగేవాడు.

అనుమానం మొదట బావ నోటి నుంచి వచ్చింది. జగిత్యాల నుంచి కోరుట్లకు ఎంతసేపు పడుతుంది, మిగతా బండ్లన్నీ వచ్చి పడుకున్నా మనదెందుకు రాదు అని ఒకసారి అన్నాడు. తర్వాత ఒకరోజు నన్నూ అత్తమ్మనూ వాకిట్లోకి పిలిచి, వెనక జంట చక్రాల సందులో ఇరుక్కున్న తడి ఇసుకను వేలితో తీసి చూపించాడు.

"గిది ఏడి ఇసుక? మన తొవ్వల యాడున్నది గిసొంటి ఇసుక? గోదారి దిక్కు పోతున్నడు వీడు. మన బండితోని ఏం దందా జేస్తున్నడో ఏమో!"

ఆ రోజు నుంచి నా కళ్లు మారిపోయాయి. బండి వచ్చిన ప్రతిసారీ ఏదో వంకతో చుట్టూ తిరిగి చూసేదాన్ని. ఒకసారి బండి లోపల నలిగిన బంతిపూల రేకులు కనిపించాయి, మరోసారి టార్పాలిన్ మడతల్లో అగరొత్తుల వాసన. అన్నం వడ్డిస్తూ ఆయన చేతులవైపు చూసేదాన్ని, ఈ చేతులు ఏం చేసి వచ్చాయో అని. ఆయన మౌనంగా తింటే దాస్తున్నాడనిపించేది, అత్తమ్మతో నవ్వి మాట్లాడితే మాయ చేస్తున్నాడనిపించేది. ఒకసారి మనసులో పడ్డాక అనుమానానికి ఏదైనా మేతే గదా.

డ్రైవర్‌ను మార్చేద్దామని బావ పట్టుబట్టాడు. ఆయన బామ్మర్ది అప్పటికే లైసెన్సు తీసుకుని ఖాళీగా తిరుగుతున్న సంగతి నాకు తర్వాతెప్పుడో తట్టింది. అదీ నా అనుమానమే, రుజువేమీ లేదు. అత్తమ్మ మాత్రం ఎవరి మాటా నమ్మే మనిషి కాదు, కొడుకు మాట కూడా. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ ఏరుతూ తలెత్తి, "ఎవలో చెప్తె ఎందుకు, మనమే పోయి చూద్దాం పా పిల్లా" అంది. బావ కస్సుమన్నాడు. ఇంటి ఆడవాళ్లు లారీ ఎక్కితే ఊరు నవ్వుతుందన్నాడు. ఆయన అంతగా వద్దనడం అత్తమ్మకు ఇంకో అనుమానాన్ని తెచ్చిపెట్టింది.

మరుసటి ట్రిప్పుకు తెల్లవారుతూనే ఇద్దరం బండి ఎక్కాం. సిరిసిల్లలో చుట్టాలను చూసి వస్తామని డ్రైవర్‌తో చెప్పాం. ఆయన ఒక్క క్షణం మా ఇద్దరి ముఖాలు చూసి, సీటు మీద కొత్త తువ్వాల పరిచాడు. నమ్మాడో లేదో తెలియదు. మా ఊరి బజారు అంత ఎత్తు నుంచి చూడడం నాకదే మొదటిసారి, కొంగు తలమీదికి లాక్కున్నా అందరూ నన్నే చూస్తున్నట్టుంది. అత్తమ్మ మాత్రం కిటికీ పక్కన నిటారుగా కూర్చుని, బండి ఎక్కడ నెమ్మదించినా "గిక్కడెందుకు ఆపినవ్?" అని అడుగుతూనే ఉంది.

కరీంనగర్‌లో సరుకు దించి, సిరిసిల్ల వచ్చి బేళ్లు ఎత్తుకున్నాక, ఊరి చివర మగ్గాల చప్పుడు సన్నగిల్లే చోట ఆయన బండి ఆపాడు. రోడ్డు పక్కన నా వయసు ఆడమనిషి నిలబడి ఉంది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. తెల్లగుడ్డ కట్టిన చిన్న కుండ రెండు చేతులతో పొట్టకు అదుముకుని ఉంది. పక్కన ఆమె ముసలి మామ, చేతిలో బంతిపూల దండ. చూడగానే సంగతి అర్థమైంది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని తనవైపు లాక్కుంది. దూరదేశంలో కొడుకు, పక్కన కోడలు, ఎదురుగా అస్థికల కుండ. ఆమె డ్రైవర్ వైపు తిరిగింది.

"ఏందిది? మా బండ్లె గీ పనా నువ్వు జేసేది? పెండ్లి బట్టలు పోయే బండిల బొక్కలు వెడతవా?"

డ్రైవర్ స్టీరింగ్ మీది నుంచి చేతులు తీసేశాడు. ఎప్పుడూ అన్ని మాటలు మాట్లాడని మనిషి, రోడ్డువైపే చూస్తూ చెప్పాడు.

"అవ్వా, మా అమ్మ బొక్కలు వట్టుకొని బస్సెక్కితె కండక్టర్ నడిమిట్ల దించేసిండు. జగిత్యాల కాడికెళ్లి వెల్గటూరు దాంక నడుసుకుంట పోయిన గోదారికి. వీళ్లకు కారు మాట్లాడుకునే తాకతు లేదు. బేళ్లు దించినంక గటు తిప్పి, ఇడిసిపెట్టి అస్త. గా డీజిలు నాది. చెప్తె మీరు ఒప్పుకుంటరా? ఒప్పుకోరు. గందుకే చెప్పలే. ఇప్పుడు దిగుమంటె దిగుతరు పాపం."

అత్తమ్మ దిగమనలేదు, ఎక్కమనలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది. ముసలాయన బేళ్ల మీద కూర్చున్నాడు, ఆ అమ్మాయి మా పక్కన. అంతకు ముందు వానలకు కొట్టుకుపోయి వేములవాడ దాటాక రోడ్డంతా గుంతలే. కుదుపు వచ్చినప్పుడల్లా ఆమె కుండను ఇంకా గట్టిగా అదుముకునేది. మల్యాల దగ్గర ఒక పెద్ద కుదుపుకు ఆమె పట్టు తప్పి, కుండ ఒడిలోంచి జారబోయింది. నేను కదిలేలోపే అత్తమ్మ చెయ్యి చాపి పట్టుకుంది. జగిత్యాల వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. ఆ అమ్మాయి మొగుడు జ్వరంతో పోయాడట, అప్పటికింకా బట్ట మగ్గం మీదే ఉందట.

జగిత్యాలలో బేళ్లు దించి గోదావరికి పోయాం. వాళ్లు నీళ్లలోకి దిగుతుంటే మేం గట్టున నిలబడ్డాం. మేమూ కాళ్లు కడుక్కుని, చక్రాలకు ఇసుకతోనే ఇల్లు చేరాం. దారిలో అత్తమ్మ నాతో ఒకటే మాట అంది, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని. బట్టల వ్యాపారులకు తెలిస్తే ఆ బండికి లోడే దొరకదు. బావకు తెలిస్తే వ్యాపారులకు తెలిసినట్టే.

కానీ మా మౌనమే ముంచింది. ఏం చూశారని బావ ఎన్నిసార్లు అడిగినా అత్తమ్మ "ఏం లేదు" అనేది. ఆయన నావైపు చూసేవాడు, నేను తల వంచుకునేదాన్ని. ఇద్దరు ఆడవాళ్లు కలిసి డ్రైవర్‌ను ఎందుకు కాస్తున్నారని ఆయనకు కొత్త అనుమానం పుట్టినట్టుంది. ఆ రోజుల్లో మస్కట్‌కు మాటలన్నీ క్యాసెట్లలో నింపి, పోయేవాళ్ల చేత పంపేవాళ్లం గదా. ఇంటిల్లిపాదీ ముందు గదిలో కూర్చుని వంతులవారీగా మాట్లాడేవాళ్లం. ఈసారి బావ మాత్రం టేప్ రికార్డర్ తన గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకున్నాడు. బయటికి బటన్ చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. అలవాటు ప్రకారం అందరం కూర్చుని క్యాసెట్ పెట్టుకున్నాం. బయట అరుగు మీద డ్రైవర్ అన్నం తింటున్నాడు. మా ఆయన గొంతు అమ్మకు, అన్నకు, వదినకు పేరుపేరునా నమస్తెలు చెప్పింది. తర్వాత నా పేరు పిలిచింది.

"నువ్వు లారీ ఎక్కి డ్రైవర్‌తోని ఊళ్లు తిరుగుతున్నవని విన్న. నేను గీడ ఎండల సస్తున్న. నువ్వు గాడ ఏం జేస్తున్నవ్? నిజం చెప్పు."

అరుగు మీద గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది, తర్వాత చెయ్యి కడుక్కుంటున్న నీళ్ల చప్పుడు. అన్నం సగంలో వదిలేశాడు. బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ క్యాసెట్‌ను ఆపింది అత్తమ్మే. అంతవరకు ఆ పెట్టెను ముట్టి ఎరగని మనిషి, నన్ను ఏ బటన్ నొక్కాలో అడిగి, అక్కడికక్కడే, అందరి ముందూ, ఖాళీ క్యాసెట్ పెట్టించి మాట్లాడింది.

"కొడుకా, నేను మీ అమ్మను. లారీల నీ పెండ్లాం ఒక్కతే పోలే. నేను గూడ పోయిన, ఆమె పక్క పొంటె కూసున్న. డ్రైవర్ మీద అనుమానమని నేనే తోల్కపోయిన. ఆయన తప్పేం కనవడలే. నీకు చెప్పినోడు నా ముంగటికచ్చి చెప్పాలె. ఇంకోపారి గిసొంటి మాట ఈ ఇంటికి పంపినవంటె నా గొంతు నీకు మల్ల ఇనవడది."

తర్వాత వచ్చిన క్యాసెట్‌లో మా ఆయన ఆ విషయమే ఎత్తలేదు. టైర్లు ఎట్లున్నాయని అడిగాడు, డ్రైవర్‌ను ఉంచమని అన్నతో చెప్పాడు. కానీ అప్పటికి ఉంచడానికి డ్రైవర్ ఎక్కడున్నాడు? ఆ మాటలు విన్న మర్నాడే వచ్చి, గుమ్మం ఇవతలే నిలబడి, తాళాలు అత్తమ్మ చేతిలో పెట్టాడు.

"అవ్వా, బిడ్డ అసొంటిదాన్ని నాతోని కలిపి మాటన్నంక నేను గీ బండి ముట్ట. నా మీద దొంగతనమేసినా పడుదును."

అత్తమ్మ కూర్చోమంది, అన్నం తిని పొమ్మంది. ఆయన కూర్చోలేదు. లారీ బావ బామ్మర్ది చేతికి వెళ్లింది, కొంతకాలం తిరిగి చివరికి అమ్ముడుపోయింది. చక్రాల్లో ఇసుక మళ్లీ కనిపించలేదు. అత్తమ్మ ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కింది. డ్రైవర్ వేరే కంపెనీ బండి మీద పోయాడు, ఇంట్లో ఆయన భార్య ఒక్కతే ఉంది. ఆమె ఇచ్చిన నీళ్లు తాగి, అత్తమ్మ "కోరుట్ల ముసల్ది అచ్చిపోయిందని చెప్పు" అని లేచింది. ఎందుకు వచ్చామో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదనుకుంది కాబోలు.

అత్తమ్మ పోయాక చాలాకాలానికి జగిత్యాల బస్టాండులో ఆయన కనిపించాడు. బాగా ముసలివాడయ్యాడు, స్టీరింగ్ మానేశాడట. నేనే గుర్తుపట్టి పలకరించాను. అత్తమ్మ సంగతి చెబితే మొదటిసారి తలెత్తి నన్నే అడిగాడు.

"గోదారికి ఎట్ల తీస్కపోయిండ్రు, బిడ్డా?"

బావ కారు మాట్లాడాడని చెప్పాను. "నాకు కబురు వెడితె అచ్చేటోణ్ని గదా" అన్నాడు. ఆయన బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.

మా ఆయన మస్కట్ నుంచి వచ్చేశాక కూడా ఆ క్యాసెట్ మాట మా మధ్య ఎన్నడూ రాలేదు. ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కొన్నిసార్లు నేను బజారు నుంచి ఆలస్యంగా వస్తే ఆయన గడియారం వైపు చూసేవాడు, ఆ చూపు నేను చూడనట్టే చెప్పులు విడిచేదాన్ని.

ఇప్పుడు మెట్‌పల్లి రోడ్డు మీద ఆ రేకుల షెడ్లు లేవు, క్యాబిన్ నుదుటి మీద పూలతీగలు లేవు. ఎన్ని చక్రాలో లెక్క అందని బండ్లు అద్దాలు బిగించుకుని పోతుంటాయి, లోపల ఉన్నది ఏ రాష్ట్రం మనిషో తెలియదు. ఆ రోజుల్లో మేం అనుమానించిన మనిషికి మా చేత్తోనే అన్నం పెట్టేవాళ్లం. ఆయన ఊరు తెలుసు, ఇల్లు తెలుసు, ఏ పులుసు ఇష్టమో తెలుసు. పొరపాటు పడ్డామని తెలిస్తే బస్సెక్కి పోయి నీళ్లు తాగి రావడానికి ఒక గుమ్మం ఉండేది.