గుడ్డ ఇంటికి తాళం

గుడారానికి తాళం వేసే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఆయనతోనే కాపురం చేస్తున్నాను.

మాది జనగామలో బియ్యం, పప్పుల దుకాణం. టోకు బేరం. దుకాణం బజారులో, ఇల్లు ఆ వెనక సందులో. మూడు గదులూ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందుది వచ్చిపోయేవాళ్ళకు, చివరిది మా ఇద్దరికీ, నడిమి గది మా అత్తమ్మకు. మాకు పిల్లల్లేరు. ఆ సంగతి ఊరంతా మాట్లాడి మాట్లాడి అలిసిపోయింది కాబట్టి నేను మళ్ళీ ఎత్తను.

అత్తమ్మకు దగ్గు ఉండేది. నేను కాపురానికి వచ్చిన నాడే ఉంది, ఆమె పోయిన నాడూ ఉంది. దవాఖానాలు తిరిగాం, కషాయాలు కాచాం, దేనికీ లొంగలేదు. పగలంతా ఎక్కడో దాక్కుని, దీపం ఆర్పగానే మొదలయ్యేది. ఆమె దగ్గగానే నా పక్కనుంచి మా ఆయన నిద్దట్లోనే అడిగేవాడు, "అవ్వా, నీళ్ళు తేవాల్నా?" అని. నడిమి గదిలోంచి ఆమె "వద్దు కొడుకా, పండుకో" అనేది. అంతే, ఆయన అటు తిరిగి గుర్రు పెట్టేవాడు. ఆమె మళ్ళీ దగ్గేది. తల్లీకొడుకుల మధ్య నేనొక్కదాన్నే కళ్ళు తెరుచుకుని ఇంటి కప్పును చూస్తూ ఉండేదాన్ని. నా కాపురంలో సగం నిద్ర ఆ దగ్గు కిందే పోయింది.

ఒక ఎండాకాలం అత్తమ్మ పోయింది. ఏడ్చేవాళ్ళు ఏడ్చి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళాక, పాపమో పుణ్యమో గానీ, నేను కడుపునిండా నిద్రపోయాను. ఆ రోజుల్లోనే మా పక్క దుకాణం షట్టరు ఎవడో లేపాడని గొడవైంది. ఆ రాత్రి మా ఆయన చాప, దిండు చంకన పెట్టుకుని, "దొంగల భయమున్నది, గీ నాలుగు దినాలు దుకాణంలనే పంట" అని పోయాడు.

నాలుగు దినాలు నెలలయ్యాయి. ఇంటికొస్తాడు, అన్నం తింటాడు, చెయ్యి కడుక్కుంటాడు, గోడ మేకుకున్న తాళంచెవి తీసుకుని వెళ్ళిపోతాడు. "కెమెరా పెట్టియ్యరాదా" అంటే, "కెమెరా దొంగను చూస్తది గాని పట్టుకుంటదా?" అంటాడు. సందులో ఆడవాళ్ళకు నా మొహంలో ఏదో కనిపించడం మొదలైంది. "ఏందక్కా, సేటు దుకాణంలనే పంటున్నడట, ఏమన్న లొల్లైందా?" అని ఒకామె అడగనే అడిగింది. ఏ లొల్లీ లేదు, అదే నా బాధ. లొల్లయితే తీర్చుకోవచ్చు. నాకు కావలసింది ఒక్కటే, రాత్రి నా మొగుడు ఇంట్లో ఉండాలి. ఈ వయసులో ఆ మాట సిగ్గు విడిచి ఆయనతోనే అన్నాను. బుద్ధిగా తల ఊపి, తాళంచెవి తీసుకుని వెళ్ళాడు.

నేను ఆ మంట మీద ఉన్నప్పుడే భూపాలపల్లి నుంచి మా తమ్ముడు వచ్చాడు. వాడు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. సెలవు దొరికితే చాలు, గుడారం బండికి కట్టుకుని ఏ చెరువు గట్టుకో అడవి అంచుకో పోయి పడుకుని వస్తాడు. అద్దె లేదు, కరెంటు లేదు, మనిషి అలికిడి లేదు. "దినమంత భూమి కిందుంట అక్కా, రాత్రన్న జర ఆకాశం కనవడద్దా?" అంటాడు. వాడి గుడారం నేను లాక్కున్నాను. ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయనతో, "నువ్వు దుకాణంల పంటే నేను అడవిల పంట. ఎవరి జాగ వాళ్ళకు" అన్నాను.

ఆయన ముద్ద ఆపాడు. "ఒక్కదానివి ఎట్ల పోతవే? పాములుంటయి."

"తోడు రా మరి. ఎవరద్దన్నరు?"

మా బజారుకు అమావాస్య నాడే సెలవు. లోకం వెన్నెల చూసుకుని చెరువుకు పోతుంది. మేం దయ్యాలు తిరుగుతాయని అందరూ తలుపులు వేసుకునే రాత్రి చూసుకుని బయలుదేరాం. తోడు రమ్మంటే మా ఆయనతో పాటు సగం దుకాణం వచ్చింది. బియ్యం, రెండు రకాల పప్పు, నూనె, సబ్బులు, కర్పూరం, అగ్గిపెట్టెల కట్ట, గొడుగు. తక్కెడ ఒక్కటే మరిచాడు. అన్నీ దుకాణం ట్రాలీ ఆటోలో వేసుకుని నర్మెట్ట దాటి, పెద్ద పెద్ద రాతి గుండ్ల నడుమ ఉన్న ఒక కుంట దగ్గరికి చేరాం. అప్పటికి వానలు వెనకబట్టాయి. కుంట నిండుగా ఉంది. పొద్దు గుంకుతుంటే గుండ్లన్నీ ఎర్రబడి, ఆ ఎరుపు నీళ్ళలోకి దిగి, నీళ్ళు కూడా మెల్లగా చీకటిలోకి దిగాయి. చూస్తూ కూర్చున్నదాన్ని అన్నం సంగతే మరిచిపోయాను.

పడుకునేటప్పుడు మా ఆయన జేబులోంచి చిన్న తాళం తీశాడు. గుడారం జిప్పు రెండు కొసలూ కలిపి లోపలినుంచి వేశాడు. వేసి, రోజూ షట్టరు ముందు చేసినట్టే, గుంజి గుంజి చూశాడు. గుడారమంతా ఊగింది.

నాకు నవ్వాగలేదు. "గుడ్డ ఇంటికి తాళమేందయ్యా? బ్లేడు పెడితే రెండు తునకలు."

"తాళం దొంగ రాకుంట గాదే, మనకు నిద్ర వచ్చేటందుకు" అన్నాడు.

కుంటలో కప్పలు అందుకున్నాయి. ఒక గట్టున ఆగితే ఇంకో గట్టున మొదలు. మధ్యలో కీచురాళ్ళు. పైన గుడ్డలోంచి చుక్కలు మసకమసకగా కనిపిస్తున్నాయి. మేము ఆ కుంట అడుగునే పడుకున్నామేమో, పైన కదిలేది నీళ్ళేనేమో అనిపించింది. ఆ చప్పుడుకు నాకు కన్ను మూతపడలేదు. మా ఆయన మాత్రం పడుకున్నవాడు పడుకున్నట్టే గుర్రు పెట్టాడు. వీపు కింద రాళ్ళు గుచ్చుకుంటున్నా కదల్లేదు. నా మొగుడు నా పక్కన నిద్రపోయి ఎన్నాళ్ళయిందో! ఆ గుర్రు వింటూ, మబ్బులో తేలిపోతున్నట్టుగా తెల్లారేదాకా పడుకున్నాను. సంతోషంతో నిద్ర రాకపోవడం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది.

ఇక అయిపోయింది, ఇంటికి వచ్చేశాడు అనుకున్నాను. మర్నాడు రాత్రి అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, మేకు మీది తాళంచెవి తీసుకున్నాడు.

నేనూ తక్కువ తినలేదు. వీలైనప్పుడల్లా అమావాస్యకు గుడారం కట్టించాను. ఉగాది తర్వాతి అమావాస్యకు గూడూరు వైపు పోయాం. అడవి అంచున ఒక రైతు బీడు. అడిగితే, "పండుకోండ్రి, భూమి ఏమన్న అరుగుతదా" అన్నాడు. మా నెత్తిన ఒక ఇప్పచెట్టు ఉంది. తెల్లారగట్ల నుంచి పూలు గుడారం మీద టప్పు టప్పుమని రాలుతూనే ఉన్నాయి. గాలంతా తియ్యగా, కొంచెం పులిసిన వాసన. ఆ వాసనకు తల తేలికై, నేను మేలుకున్నానో కల కంటున్నానో తెలియలేదు. ఏ కాలంలో ఉన్నానో కూడా తెలియలేదు. నా వయసెంతో ఎవరైనా అడిగితే ఆ పూట చెప్పలేకపోయేదాన్ని.

ఆయన దిండు కింది చిన్న తాళంచెవితో గుడారం తాళం తీసి బయటికొచ్చాను. ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నాడు. ఎందుకో కచ్చ పుట్టి, జిప్పు మూసి బయటినుంచి తాళం వేశాను. మళ్ళీ దుకాణానికి ఎట్లా పారిపోతాడో చూద్దామని. పూలు ఏరడానికి బుట్టతో వచ్చిన ఒకావిడ ఆగి చూసింది.

"లోపట ఏమున్నదక్కా, గంత తాళం?"

"మా ఇంటాయన" అన్నాను.

బుట్ట కింద పెట్టి మరీ నవ్విందావిడ. నేనూ నవ్వాను. ఆమెతో కలిసి కాసేపు పూలేరాను. పొద్దెక్కింది, పూలు రాలడం ఆగింది. ఆగిన కాసేపటికే గుడారంలో కదలిక. "ఏమే, యాడున్నవ్?" అని గాబరాగా పిలిచాడు. అంత పూలవానలో పడుకున్న మనిషి, అది ఆగగానే లేచాడేమిటా అనుకున్నాను. అనుకుని వదిలేశాను. బుద్ధి అప్పుడే పనిచేసి ఉంటే ఏడు నెలల ముందే బాగుపడేదాన్ని.

కార్తీక అమావాస్యకు గణపురం చెరువు. ట్రాలీలో అంత దూరం పోయేసరికి నడుములు విరిగాయి. కానీ ఆ చెరువును చూశాక నడుము సంగతి ఎవరికి గుర్తుంటుంది? పాతకాలపు రాజులు కట్టించిన నీళ్ళవి. కట్ట ఒక పక్క, గుట్టలు ఒక పక్క, మధ్యలో ఎక్కడ అయిపోతుందో తెలియని నీళ్ళు. జనం తిరగని మూల చూసి గుడారం వేశాం. తెల్లవారి లేచేసరికి చెరువు లేదు. మంచు. గుట్టల్లేవు, కట్ట లేదు, మా ట్రాలీ కూడా లేదు. లోకంలో మా గుడారమొక్కటే మిగిలినట్టుంది. ఏదో పక్షి మంచులోంచి ఒక్కసారి కూసి ఊరుకుంది. గట్టుకు నీళ్ళు తాకే చప్పుడు తప్ప ఇంకేమీ లేని ఆ తెల్లదనంలో నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అక్కడే ఉండిపోతే ఎవరేమంటారు, ఎవరొచ్చి అడుగుతారు అనుకున్నాను.

చాయ పెడదామని మూడు రాళ్ళ పొయ్యి ముట్టించాను. పుల్లలన్నీ మంచుకు తడిసి ఉన్నాయి. ఊదాను. పొగంతా నా మొహానికే కొట్టి గొంతులోకి పోయింది. దగ్గు. ఆగకుండా దగ్గు. కళ్ళలో నీళ్ళు.

గుడారంలోంచి మా ఆయన నిద్దట్లో అన్నాడు, "అవ్వా, నీళ్ళు తేవాల్నా?"

పుల్ల చేతిలోనే ఉండిపోయింది. దగ్గు కూడా ఆగిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి లేదు. నేను చెప్పలేదు. జవాబు రాకపోయేసరికి లోపల ఆయన లేచి కూర్చున్న చప్పుడైంది. జిప్పు లాగి, దుప్పటి కప్పుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తానేమన్నాడో ఆయనకు తెలియదు.

"ఇగో, దుకాణంల ఎందుకు పంటున్నవు? నిజం చెప్పు" అన్నాను.

పొయ్యిలోకి ఒక పుల్ల ఎగదోశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "ఇంట్ల సప్పుడు లేదే. నిద్ర పట్టినట్టే పడ్తది. దగ్గు ఇనవడకుంటే దిగ్గున మెలకువొస్తది, అవ్వకేమైందో అని. లేచి నడిమి అర్ర దాక పోత. అక్కడికి పోయినంక యాదికొస్తది." దుప్పటి అంచుతో ముక్కు తుడుచుకున్నాడు. "దుకాణంల ఎలుకలుంటయి. రాత్రంత మూటలు కొరుకుతుంటయి. గా సప్పుడుకు జర కన్ను వడ్తది."

"మరి దొంగలు?"

"దొంగలకేం పని లేదా, మన కందిపప్పు ఎత్కపోనీకి?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. నన్ను నిద్రపోనివ్వని చప్పుడే ఆయన్ని ఇన్నేళ్ళూ జోకొట్టింది. నాకు హాయిగా నిద్ర పట్టిన ఆ ఇంట్లోనే, నా పక్కనే, ఈ మనిషి రోజూ తల్లిని మళ్ళీ మళ్ళీ పోగొట్టుకున్నాడు. ఏడాదిన్నరగా దాచుకున్న కోపాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. చాయ మాత్రం పొగ వాసనతో ఉన్నా ఇద్దరం తాగాం. మంచు కొంచెం కొంచెంగా విడిపోయి, ముందు ట్రాలీ, తర్వాత కట్ట, ఆఖరున నీళ్ళు తిరిగొచ్చాయి.

మర్నాడు రాత్రి ఇంట్లో ఆయన అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, ముందు గదిలోకి నడిచి మేకు మీద చెయ్యి వేశాడు. తాళంచెవులు గలగలమన్నాయి. నేను గిన్నెలు అట్లాగే వదిలేసి, దీపం ఆర్పి, నడిమి గదిలోకి వెళ్ళాను. అత్తమ్మ పోయాక ఆ మంచం మీద ఎవరూ పడుకోలేదు. పడుకున్నాను. గోడవైపు తిరిగాను. ఇన్నేళ్ళు రాత్రీ పగలూ తిట్టుకున్న ఆ దగ్గు ఎట్లా మొదలయ్యేదో, ఎక్కడ ఆగి మళ్ళీ ఎత్తుకునేదో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

దగ్గాను. కాస్త ఆగి మళ్ళీ దగ్గాను.

ముందు గదిలో తాళంచెవుల చప్పుడు ఆగింది. నవ్వుతాడేమో, కోప్పడతాడేమో అనుకుంటూ గోడవైపే తిరిగి ఉన్నాను. తర్వాత, నిద్దట్లోంచి కాదు, పూర్తిగా మెలకువలో, ఆయన గొంతు వినబడింది.

"అవ్వా, నీళ్ళు తేవాల్నా?"

"వద్దు కొడుకా, పండుకో" అన్నాను.

తాళంచెవులు మళ్ళీ మేకుకు తగిలించిన చప్పుడైంది.