పాప వెనక కూర్చున్న ఆమె

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్ళిపోతాను. చిన్నప్పటినుంచీ అంతే. ఇది కూడా ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. నాకు జరిగిన అన్యాయం చెప్పాలంటే ఇది చెప్పక తప్పదు.

తొంభైల మధ్యలో మద్రాసులో టీచరు ట్రైనింగు చేశాను. నర్సరీ పిల్లల చదువు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు, రెండూ కలిపిన కోర్సు. "ఒక్కటే సరిగ్గా రాదు నీకు, రెండెందుకమ్మా?" అని మొదటి రోజే అందరి ముందూ అన్న లెక్చరరు ముఖం నేనింకా మర్చిపోలేదు. ఆవిడ కట్టుకున్న చీర అంచు కూడా గుర్తే.

ప్రాక్టీసుకి నన్ను కోడంబాక్కంలో ఒక నర్సరీ బడికి వేశారు. అక్కడ మిగతా పిల్లలతోపాటు దేవి అని ఐదేళ్ళ పాప ఉండేది. మాట్లాడదు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే లాక్కుని బల్ల కింద దూరుతుంది. మాకు నేర్పిన పద్ధతేమో పిల్లల చేతిమీద మన చెయ్యి వేసి పని చేయించడం. నెలలు గడిచినా దేవి నన్ను తాకనివ్వలేదు.

ఫైనల్ ప్రాక్టికల్‌లో నేనొక్కదాన్నే తరగతి నడపాలి. ఎవరి సాయమూ తీసుకోకూడదు. దేవి చేత కూడా ఏదో ఒక పని చేయించాలి. అందులో తప్పితే మొత్తం కోర్సు తప్పినట్టే. ఆ లెక్చరరు నవ్వడం తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండేది.

పరీక్ష పొద్దునపూట జరిగింది. మధురై నుంచి వచ్చిన ఎగ్జామినరు గుమ్మం పక్కనే కుర్చీ వేసుకున్నారు. ఆ గదికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. దేవి ముందు కొయ్యపూసలు, తాడు పెట్టి, రంగుపెన్సిళ్ళ కోసం కొట్టుకుంటున్న పిల్లల్ని విడదీయడానికి అటు తిరిగాను.

మళ్ళీ చూసేసరికి దేవి తాడుకి పూసలున్నాయి. పాప నిమ్మళంగా చాపమీదే కూర్చుని ఇంకొకటి గుచ్చుతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పాసయ్యాను. కానీ సహాయకురాలిని పెట్టుకున్నానని మార్కులు తగ్గించారు. నేనూరుకుంటానా? ఎగ్జామినరు బయల్దేరకముందే వెళ్ళి నిలదీశాను.

ఆవిడ తమిళంలో, "పాప వెనక ఒక పెద్దావిడను కూర్చోబెట్టావు, నేను చూడలేదనుకున్నావా?" అన్నారు.

హెడ్మిస్ట్రెస్‌ను పిలుచుకొచ్చాను. ఆ గదిలోకి నన్నూ ఎగ్జామినరునూ తప్ప పెద్దవాళ్ళెవరినీ పంపలేదని ఆవిడా చెప్పారు. ఎగ్జామినరు మెత్తబడలేదు. ఆకుపచ్చ గళ్ళ చీర, ఎడమ చేతికి రాగి కడియం అని గుర్తులు చెప్పారు. పైగా, "నీకంటే ఆవిడ పద్ధతే బాగుంది. పాప చేతి కింద తన చెయ్యి పెట్టింది" అని ఒక పోటు పొడిచారు.

"మరి ఆవిడ మీ పక్కనుంచి ఎప్పుడు లోపలికొచ్చింది?" అని అడిగాను. ఆవిడ ఒకసారి గుమ్మంవైపు చూసి, సంచీ తీసుకుని బయల్దేరారు.

ఆ సాయంత్రం దేవిని తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ వచ్చింది. ఆమె సినిమా స్టూడియోలో దుస్తులు కుట్టేది. మా తెలుగువాళ్ళే. ఎవరో ముసలావిడ వల్ల నా మార్కులు పోయాయని కోపంగా గుర్తులన్నీ, పాప చేతి కింద చెయ్యి పెట్టిన సంగతీ చెప్పాను. వింటూ వింటూ ఆమె నా మాటకు అడ్డొచ్చింది.

"చెయ్యి కింద పెట్టిందన్నారా టీచరమ్మా? మా అత్త అట్లనే గదా దీనికి అన్నం తినేది నేర్పించింది! ఈడ బడిలో చేర్చకముందే పోయిందే ఆమె. మీకెవురు చెప్పినారు?"

"ఆ కడియం?" అన్నాను.

"ఆమె చేతికే ఉండనిచ్చి సాగనంపితిమి."

మర్నాడు దేవి ముందు కూర్చుని, నా చెయ్యి వెల్లకిలా చాపమీద పెట్టాను. పాప చాలాసేపు దానివైపే చూసింది. తర్వాత తన చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది. అప్పటినుంచి బల్ల కిందికి వెళ్ళడం తగ్గిపోయింది.

నా ట్రైనింగు ముగిసేలోపు ఇంకొకటి చూశాను. కొత్తగా చేరిన ఒక పాప పూసల ముందు కూర్చుని ఏడుస్తోంది. దేవి తనంతట తనే వెళ్ళి, ఆ పాప వెనక కూర్చుని, దాని చేతి కింద తన చెయ్యి పెట్టింది.

మార్కులు మాత్రం ఎన్ని అర్జీలు పెట్టినా తిరిగి ఇవ్వలేదు. నా వాదన ఇప్పటికీ ఒకటే. గదిలో ఎవరూ లేకపోతే ఆ మార్కులు నావి. ఉందంటారా, ఆమె ఎలా వచ్చిందో చెప్పండి. ఆ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు. అయితే అప్పటినుంచి ఏ పిల్లకు ఏది నేర్పాలన్నా నా చెయ్యి కిందనే ఉంటుంది.