అన్నయ్య తొక్కని పలక

మొన్న సాయంత్రం వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంటే, మా మనవడు మిషను వారికి అమెరికా నుంచి వచ్చే పత్రిక ఒకటి పట్టుకొచ్చి, బేస్‌బాలు ఆటలో మూడు మజిలీల మీదా తనవాళ్ళు నిలబడి ఉండగా ఒకడు బంతిని దూరంగా కొట్టి, ఆ ముగ్గురితో పాటు తానూ ఇల్లు చేరితే దాన్ని గ్రాండ్ స్లామ్ అంటారని చదివి వినిపించాడు. అలాంటి దెబ్బ మా అన్నయ్య ఎప్పుడో కొట్టాడురా అంటే నమ్మలేదు సరికదా, ముసలమ్మ కోతలనుకుని నవ్వుకుంటూ పోయాడు. నా ఈడు వాళ్ళు మీరైనా నమ్ముతారని రాస్తున్నాను.

మేమిద్దరం రాజమండ్రిలో మిషను బోర్డింగులో చదువుకునేవాళ్ళం, అన్నయ్య మగపిల్లల వైపు, నేను గోడకి ఇవతల ఆడపిల్లల వైపు. కొత్తగా వచ్చిన దొరగారికి ఆ ఆటంటే ప్రాణం. చెడుగుడూ బిళ్ళంగోడూ తప్ప ఎరగని మా కుర్రాళ్ళకి తుమ్మకర్ర చెక్కించి ఇచ్చి, మూడు మూలలా ఊక నింపిన గోనెసంచులు వేయించి, నాలుగో మూల ఒక చెక్క పరిచి, అదే ఇల్లనీ, సంచులన్నీ తొక్కుకుంటూ వచ్చి చివరికి ఆ చెక్కని తొక్కితేనే పరుగనీ వచ్చీరాని తెలుగులో నేర్పారు. పంచెలు ఎగ్గట్టి వాళ్ళు పరిగెడుతుంటే గోడమీంచి చూసి మేము పడీపడీ నవ్వేవాళ్ళం.

ఆ ఏడే మా నాన్న పోయాడు. నాన్న పాలేరుగా ఉన్న కామందు ఇంటికి ఇక అన్నయ్యే వెళ్ళాలి. దొరగారు అది విని, కాకినాడ వైపు నుంచి వచ్చే జట్టుతో ఆట పెట్టామనీ, ఏ జట్టు గెలిస్తే దాని నాయకుడికే మన బళ్ళో డ్రిల్లు మాస్టారు పని ఇస్తాననీ అందరి ముందూ చెప్పేశారు. మా జట్టుకి నాయకుడు అన్నయ్యే. అమ్మ కూడా ఊరి నుంచి నడిచి వచ్చి నా పక్కన గోడ దగ్గర నిలబడింది.

తీరా చూస్తే చెక్కకి చెదలు పట్టింది. దొరగారు బళ్ళోంచి చట్రం ఊడిన పలక ఒకటి తెప్పించి ఆ చోట వేయించారు. ఆయనకది నల్లటి రాతిబిళ్ళ, అంతే. మాకు కాదు. మా వంశంలో అక్షరం మొహం చూసిన మొదటివాడు అన్నయ్య. వాడికి పలక ఇచ్చిన రోజున అమ్మ దాన్ని చెంగుతో తుడిచి కళ్ళకద్దుకుంది. పొరపాటున కాలు తగిలితే మా చేత దణ్ణం పెట్టించేది. క్రైస్తవులమయ్యాక పాత మొక్కులన్నీ పోయాయి గానీ ఆ భక్తి మాత్రం పోలేదు.

చివరి వంతుకి మేము మూడు పరుగులు వెనకబడ్డాం. మూడు సంచుల మీదా మావాళ్ళే ఉన్నారు. అన్నయ్య కొట్టిన దెబ్బకి బంతి కాలవగట్టు దాటి అవతల పడింది. ముందున్న ముగ్గురూ తీరిగ్గా వచ్చి, వంగి పలకని చేత్తో తాకి కళ్ళకద్దుకున్నారు; దొరగారు వాటినీ పరుగులుగానే లెక్కించారు, రెండు జట్లూ సమానమయ్యాయి. ఇంతలో ఎవడో బంతి వెతికి విసిరాడు. అన్నయ్యకి వంగే వ్యవధి లేదు. పలక మీదికి వచ్చిన కాలు ఎత్తి, అమాంతం దాన్ని దాటి దూకాడు. వెనక్కి తిరిగి చెయ్యి చాపేలోగా బంతి వచ్చేసింది. దొరగారు తలదించుకుని, అవుట్ అన్నారు.

ఆట తెలియని మా అమ్మ నా భుజం పట్టుకుని ఊపేసింది. "చూశావటే, నా కొడుకు పలక తొక్కలేదు!"

ఆ మీదటి వంతులో అవతలి జట్టు గెలిచింది. చేతికందిన కూడు నోటికందలేదు. దొరగారు మాట తప్పే మనిషి కాదు, ఆ పని వాళ్ళ నాయకుడికే ఇచ్చారు. కామందు గుమ్మం తొక్కనని అన్నయ్య కాకినాడ రేవులో బర్మా దేశం వెళ్ళే రంగం ఓడ ఎక్కి, అక్కడి బియ్యం మిల్లుల్లో పనికి చేరి, జ్వరంతో పోయాడు. మనిషిని చూడలేదు, మట్టి చెయ్యలేదు. పలక తొక్కి ఉంటే కొడుకు ఇక్కడే ఉండేవాడని ఎవరో చెప్పాక, అమ్మ బతికినంతకాలం పలక వంక చూడలేదు.

నేను పంతులమ్మనై ఎందరికో అక్షరాలు దిద్దించాను. ఇప్పటి పిల్లలు పుస్తకాలు దాటుకుంటూ, తొక్కుకుంటూ పోతారు, కళ్ళకద్దుకోవడం ఎవరికీ తెలియదు. కోప్పడబోయి, వంగి ఆ పుస్తకాలు నేనే తీసి పక్కన పెడతాను. అన్నయ్య ఈ రోజుల్లో పుట్టి ఉంటే నిక్షేపంగా తొక్కేసి ఉండేవాడు. అలా తొక్కేవాడు మా అన్నయ్య ఎలా అవుతాడు అనిపిస్తుంది. కాకపోతే కాకపోయాడు, బతికి ఉండేవాడు కదా అని మళ్ళీ నేనే ఏడుస్తాను.