సముద్రంలో పోయిన మాస్క్, సగం షట్టర్ కింద

దయ్యాలున్నాయని నాతో వాదించి గెలిచినవాళ్లు ఇంతవరకూ లేరు. మా అత్తగారు ప్రయత్నించింది, కుదరలేదు. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని, తర్కానికి అందనిది ఒప్పుకునే అలవాటు నాకు లేదు. అందుకే దీన్ని దయ్యం కథ అని నేను అనను. జరిగింది జరిగినట్టు రాస్తా, పేరు మీరే పెట్టుకోండి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఎప్పుడు బంద్, ఎప్పుడు రాస్తారోకో తెలిసేది కాదు. నలభై దాటినంక సరూర్‌నగర్‌లో ఈత నేర్చుకుని, అండమాన్ పోయి స్కూబా చేస్తానని పట్టుబట్టా. సముద్రం అడుగున ఎట్లుంటదో ఒక్కసారి నా కళ్లతో చూడాలె. అంతే నా కోరిక.

చిక్కల్లా ఆ కళ్లతోనే. అద్దాలు తీస్తే ఎదురుగా ఉన్నది మా ఆయనో బీరువానో తెలియదు. రెండు కళ్లకు రెండు రకాల పవర్. నీళ్లలో పెట్టుకునే మాస్క్ కింద కళ్లద్దాలు పట్టవు కాబట్టి, మాస్క్ లోపలే పవర్ అద్దాలు అతికించాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రతి షాపువాడూ మాస్క్‌ను అటూ ఇటూ తిప్పి, నవ్వి చేతిలో పెట్టాడు. చేస్తానన్నది సుబ్బారావు ఒక్కడే. గుంటూరు మనిషి, ఎన్నో ఏళ్లుగా ఇక్కడే కళ్లద్దాల షాపు. బంద్ రోజు కూడా షట్టర్ సగం దించి లోపల కూర్చునేవాడు. పనున్నవాళ్లు వంగి దూరాలి. నేను దూరి నడుం నిలబెట్టుకునే లోపే మాకు వాదన మొదలయ్యేది.

"రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారంటగా మేడమ్? షాపు అమ్మేసి మా ఊరెళ్లిపోతా. ఒకాయన అడుగుతున్నాడు కూడా."

"పో అన్నా, ఎవరాపిండ్రు? నా అద్దాలు అతికిచ్చి పో."

"అతికిస్తాగానీ, మేం రాకముందు ఇక్కడేముందో చెప్పండి?"

"చెరువులుండె. సగం దించిన షట్టర్లు లేకుండె."

వాదిస్తూనే అతికించాడు. ఇంట్లో పెట్టుకుని చూస్తే బాగానే ఉంది. ఈయన నిజంగనే పోతే మళ్లీ ఈ పని చేసేవాడు దొరకడని మనసులో ఉంది. వాదనలో అవతలివాళ్లకు అట్లాంటివి చెప్పుకుంటామా?

అండమాన్‌లో మా ఆయన చిప్స్ ప్యాకెట్‌తో పడవలోనే కూర్చున్నాడు. నేను ట్రైనర్ చెయ్యి పట్టుకుని దిగా. కింద ఏదో పసుపుపచ్చగా గుంపు కదిలింది. చూద్దామంటే ఎడమ అద్దం పక్కకు వాలింది, ఒక్కో చేప రెండుగా కనబడుతోంది. చిన్నప్పటినుంచి కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లు అప్పుడేం చేస్తారు? తీసి, తుడిచి, సరిచేసి పెట్టుకుంటారు. నీళ్లలో ఉన్నానని మరిచి నా చెయ్యి కూడా అదే చేసింది. మాస్క్ ఊడింది, ముక్కులోకి నీళ్లు పోయినయ్, వేళ్లు వదిలేసినయ్.

ట్రైనర్ నన్ను పైకి తెచ్చి, మళ్లీ దిగి వెతికాడు. దొరకలేదు.

పట్టీ జారిందని చెప్పా. అద్దం వాలిన సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఆయనకు ఒక్కసారి చెప్తే జన్మంతా వినాలి. ఆ సాయంత్రం హోటల్లో గోడవైపు తిరిగి పడుకున్నా. అంత దూరం పోయి నేను చూసింది ఇంత పసుపు మసక.

తెల్లారి ఇంటికొచ్చినం. ఆ మర్నాడు మళ్లీ బంద్, బస్సుల్లేవు. ఇంకో మాస్క్ తెస్తే అతికిస్తాడా, అసలు సుబ్బారావు ఉన్నాడా ఊరికి పోయాడా చూద్దామని ఎల్బీ నగర్‌లో మా ఇంటి నుంచి షాపు దాకా నడిచా.

షట్టర్ కింద తల పెట్టగానే సుబ్బారావు మొహం చిట్లించాడు. "మొన్నేగా మేడమ్ అంత గొడవ చేసి ఇచ్చెళ్లారు? అయిపోయింది, తీసుకోండి."

కౌంటర్ మీద నా మాస్క్ పెట్టాడు.

నాదే. ఈత కొలను దగ్గర వేరేవాళ్లవాటితో కలిసిపోకుండా పట్టీకి నేను కట్టుకున్న ఎర్రదారం, నా ముడి అట్లనే ఉన్నాయి. పట్టీ మడతలో తెల్లగా ఏదో ఉంటే నాలుక ఆనించా. ఉప్పు.

మొన్న నేను రానేలేదన్నా. నవ్వాడు. "సాయంత్రం వచ్చారు. జుట్టంతా తడి, షాపంతా నీళ్లు. ఎడమద్దం వాలింది, నువ్వేం పనిమంతుడివని దులిపేశారు. ఇంకెవరు తిడతారండీ అలా?"

చూస్తే ఎడమ అద్దం సరిగ్గా ఉంది. మొన్న సాయంత్రం నేను అండమాన్ హోటల్లో గోడను చూస్తున్నా. మా ఆయన సాక్షి, విమానం టికెట్లు సాక్షి.

"నేను ఇంకేమన్న?" అని అడిగా.

సుబ్బారావు గొంతు తగ్గింది. "వెళ్తూ షట్టర్ దగ్గర వంగి అన్నారుగా. రాష్ట్రమొచ్చినా నువ్వు యాడికి పోకన్నా, నా కళ్లు ఎవరికి చూపిచ్చుకోవాలె అని. షాపు అమ్మనని ఆ కొంటానన్నాయనకి చెప్పేశాను మేడమ్."

నేను ఆ మాట అనలేదు. హోటల్లో పడుకుని అనుకున్నా. అచ్చం అట్లనే, అవే మాటల్లో.

ఎవరో నాలాంటి మనిషే అయ్యుంటదని మా కాలేజీలో ఒకామె తేల్చింది. సముద్రంలోంచి ఆమెకు మాస్క్ ఎట్లొచ్చిందని అడిగితే టీకి పోయింది. మా ఆయనకైతే ఏ ఆశ్చర్యమూ లేదు. ఇంత మాట్లాడడం ఒక్క మనిషి వల్ల కాదని, నేను ఇద్దరినని ఆయనకు ఎప్పటినుంచో అనుమానమట.

తరువాతి సెలవుల్లో ఆ మాస్క్‌తోనే మళ్లీ దిగా. ఈసారి చేతులు రెండూ కట్టుకుని. పసుపు చేపలు, ఒక్కోటి ఒక్కటిగా, నల్లచారలతో సహా కనబడ్డాయి. నీళ్లలో ఏడిస్తే ఎవరికీ తెలియదు, ఆ సౌకర్యం ఉంది.

రాష్ట్రం వచ్చింది. సుబ్బారావు షట్టర్ ఇప్పుడు పూర్తిగా తెరిచే ఉంటుంది. మా వాదనలు మాత్రం తగ్గలేదు. ఓడిపోతున్నప్పుడల్లా, ఆరోజు షాపంతా తడిపి పోయారని నన్ను దెప్పుతాడు. ఎవరు తడిపారో నాకు ఇప్పటికీ తెలియదు, ఎంత ఆలోచించినా తేలదు. అయినా "సారీ అన్నా" అనేస్తా. అది నేను కాదంటే, పోవద్దన్నది కూడా నేను కానట్టే అవుతది.