మామ్మ చెప్పిన ఎడం

పక్కింటి మామ్మ పోయింది. మొన్న మంగళవారం మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "మామ్మ ఇంక లేదే" అంది. ఫ్యాక్టరీలో తయారయ్యే యంత్రాలతో పాటు వెళ్ళే వాడుక పుస్తకాల్లో తప్పులు దిద్దడం నా ఉద్యోగం. ముందున్న కాగితంలో సగం చదివిన వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆ రోజు ఎన్ని తప్పులు వదిలేశానో తెలియదు.

మామ్మ మాకు చుట్టం కాదు. మలేషియాలో, సుంగై పెటానిలో మా రెండిళ్ళూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. ఆమె వయసంతా తోటలో పాల కోసం రబ్బరు చెట్లు గీయడంలో గడిచింది. తోట అమ్ముడుపోయి ఇళ్ళ స్థలాలయ్యాక కొడుకు ఇక్కడ ఇల్లు కొని ఆమెను తెచ్చుకున్నాడు. మా ఇంట్లో తెలుగు సగం, తమిళం సగం. నా చదువంతా కాన్వెంట్లో. తెలుగు అక్షరాలు ఆదివారం బడిలో నేర్చుకున్నాను. మాటలు మాత్రం, ఒక్క అక్షరం రాని మామ్మ దగ్గర నేర్చుకున్నాను. అందుకే ఆమె గురించి తెలుగులో రాయాలనిపించింది.

ఆమె గురించి చెప్పాలంటే నా సైకిల్ గురించి చెప్పాలి.

కిందటేడు పినాంగ్‌లో జరగబోయే ఒక చిన్న ట్రయథ్లాన్‌కు పేరిచ్చాను. ముందు సముద్రంలో ఈత, తర్వాత సైకిల్, దిగీ దిగగానే పరుగు. మూడూ ఆగకుండా పూర్తి చేయాలి. ఈత వచ్చు. పరుగు ఒంటరిగా చేసే పని కనుక ఎప్పటినుంచో అలవాటు. సైకిలే లేదు. నేను దాచుకున్న నాలుగు వేల రింగిట్లతో ఒక మధ్యరకం రోడ్డు సైకిల్ వస్తుంది. అది నప్పకపోతే ఇంకోటి కొనలేను.

అసలు భయం అది కాదు. వయొలిన్, సాయంత్రం క్లాసుల డిగ్రీ, చైనీస్ పాఠాలు, ఇలా మొదలుపెట్టి చప్పుడు లేకుండా మానేసినవి నాకు చాలా ఉన్నాయి. ఇంట్లో ఎవరూ ఒక్క మాటా అనలేదు. అననందుకే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. ఇదొక్కటైనా చివరిదాకా చేయాలని ఉండింది. సైకిల్ తప్పుగా కొంటే, మానేయడానికి నాకు మంచి సాకు దొరుకుతుందని కూడా తెలుసు.

కాబట్టి నాకు చేతనైన పని చేశాను. చదివాను. రెండు నెలలు ఇంటర్నెట్టులో చదివి, పన్నెండు సైకిళ్ళ మంచిచెడ్డలు నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక సాయంత్రం మామ్మ గోడ మీంచి చూసింది.

"ఏటే గుంటా, అంత రాస్తన్నావు? పెళ్ళికొడుకులా?"

సైకిళ్ళని చెప్పాను. అయితే చదవమని, ప్లాస్టిక్ కుర్చీ గోడ దగ్గరికి లాక్కుని, గ్లాసులో పాలు లేని కాఫీ పట్టుకుని కూర్చుంది.

మామ్మకు చదివి వినిపించాలంటే తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషులో ఎంతో గొప్పగా కనిపించిన మాటలు నా నోట్లో తడబడ్డాయి. ఈ చట్రం చాలా బిగువుగా ఉంటుంది మామ్మా అన్నాను. బిగువైతే ఒళ్ళు నొప్పెట్టదా, దాని మీద ఎంతసేపు కూర్చోవాలి అని అడిగింది. గంటన్నర. ఈ చక్రాలు గాలిని కోసుకుపోతాయి అన్నాను. అంత వేగం నీకుందా అంది. వెక్కిరింపుగా అనలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. తెలుగులో చెప్పలేకపోయిన వాక్యాలన్నీ నాకూ అర్థం కానివేనని ఆ సాయంత్రం తెలిసింది. పన్నెండింటిలో ఎనిమిది కొట్టేశాను.

మామ్మ తోడుంటేనే దుకాణానికి వెళ్ళమంది అమ్మ. మామ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, జుట్టుకు నూనె రాసుకుని, పెళ్ళిచూపులకు వచ్చినట్టే వచ్చింది.

దుకాణం చైనీస్ ఆయనది. నెమ్మదస్తుడు. ముందు వరసలో ఒక ఎర్ర సైకిల్ ఉంది. ట్రయథ్లాన్ కోసమే చేసింది. దాని మీద మోచేతులు ఆనించి ముందుకు వాలి తొక్కాలి. ప్రదర్శనకు పెట్టింది కనుక ధర బాగా తగ్గించి, సరిగ్గా నా నాలుగు వేలకే ఇస్తానన్నాడు. నా నోటుబుక్కులో దానికి నేను మెచ్చి పెట్టిన మూడు చుక్కలున్నాయి. కాకపోతే నా కొలతకు రెండు సైజులు పెద్దది. సీటు దించుకుంటే సరిపోతుందన్నాడు ఆయన. నేనప్పటికే మనసులో కొనేశాను.

సీటు ముందున్న కడ్డీకి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడ్డాను. మామ్మ దూరంగా నిలబడి కిందికీ పైకీ చూసింది.

"ఎడం సూడే" అంది.

నేను ఎడమవైపు చూశాను.

"ఎడం, ఎడం" అంది మళ్ళీ.

ఇంకా ఎడమకు తిరిగాను. నాతో పాటు హ్యాండిలూ తిరిగింది. మునివేళ్ళ మీద నిలబడి ఉన్నానేమో, తూలి, పక్కనున్న హెల్మెట్ల స్టాండు మీద పడ్డాను. హెల్మెట్లు ఒక్కొక్కటే దొర్లుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాయి.

మామ్మ వచ్చి సైకిల్ పట్టుకుంది. "నానన్నది ఆ ఎడం కాదే. సందు. మనిషికీ కడ్డీకీ మజ్జిన బెత్తెడు ఎడం ఉండాల." అంటూ నాలుగు వేళ్ళు కలిపి, ఆ ఎడం ఎక్కడ ఉండాలో అందరి ముందూ చూపించింది. దుకాణంలో ఇద్దరు మగపిల్లలు కొత్తగా టైర్ల ధరల మీద శ్రద్ధ చూపించారు. మా కాన్వెంట్ సిస్టర్లు ఉంటే ఏమనేవారో! నా చెవులు కాలిపోయాయి.

సీటు దించవచ్చని దుకాణం ఆయన మలయ్‌లో మళ్ళీ చెప్పాడు. సీటు దించితే కడ్డీ కూడా దిగుతుందా అని మామ్మ మలయ్‌లోనే అడిగింది. ఆయన నవ్వేశాడు.

ఆమె ఆ ఎర్ర సైకిల్‌ను తిరిగి దాని చోటికి నడిపించుకు వెళ్ళింది. అప్పుడు చూశాను. సైకిల్‌ను ఒంటికి ఆనించుకోకుండా, చేతులు పూర్తిగా చాచి, మూరెడు దూరంలో పట్టుకుని నడిచింది. ఇద్దరి మధ్యా ఇంకేదో ఉన్నట్టు. దుకాణం ఆయన కూడా అది గమనించాడు. "గెతా?" అన్నాడు, రబ్బరా అని. మామ్మ తలూపింది. వెనక క్యారియర్‌కు రెండు పక్కలా రబ్బరు పాల డబ్బాలు కట్టుకుని తోసిన మనిషికి ఆ దూరం పోదని ఆయనకు తెలిసినట్టుంది. లోపలికి వెళ్ళి, ముందు వరసలో లేని ఒక బూడిదరంగు సైకిల్ తెచ్చాడు.

మామూలు రోడ్డు సైకిల్. అల్యూమినియం చట్రం, కాస్త వెడల్పు టైర్లు, ఎత్తు ఎక్కడానికి తేలిక గేర్లు. మోచేతులు ఆనించుకునే కడ్డీలు కావాలంటే తర్వాత బిగించుకోవచ్చన్నాడు. నా నోటుబుక్కులో దానికి ఒక్క చుక్కా లేదు. నిలబడి చూస్తే బెత్తెడు ఎడం ఉంది. దాని ధరకు హెల్మెటూ బూట్లూ కూడా నా డబ్బులోనే వస్తాయి.

అయినా మామ్మ ఒప్పుకోలేదు. దుకాణం వెనక సందులో రెండు సైకిళ్ళనూ ఒకదాని తర్వాత ఒకటి పదేసి చుట్లు తొక్కమంది. ప్రతిసారీ దిగి సందు చివరిదాకా పరిగెత్తాలి. ఎర్రది దిగాక మోకాళ్ళు వణికాయి, నడుం పట్టేసింది. బూడిదరంగుది దిగాక పరిగెత్తగలిగాను.

"ఎక్కడం కాదే గుంటా," అంది. "దిగినాక కాల్లు నీవై ఉండాల."

తర్వాత చాలా రోజులకు, ఇంటర్నెట్టులో తెలిసినవాళ్ళు రాసిన దాంట్లో అదే మాట మూడు పేజీల్లో చదివాను.

ప్రతి ఆదివారం ఉదయం తొక్కి వచ్చేసరికి మామ్మ గేటు దగ్గర కూర్చుని ఉండేది. సైకిల్ గోడకు ఆనించి వీధి చివరిదాకా పరిగెత్తి వస్తేనే కాఫీ ఇచ్చేది. ఒకసారి నేను సగం దూరంలోనే వెనక్కి తిరిగితే, గ్లాసులో కాఫీ కూడా సగమే పోసింది.

రెండో నెలలో ఒక కూడలి దగ్గర లారీ హారన్‌కు బెదిరి పడ్డాను. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. కానీ సైకిల్‌ను వంటింటి వెనక పెట్టి పైన దుప్పటి కప్పాను. రెండు ఆదివారాలు బయటికి రాలేదు. అలవాటైన పనే కనుక ఎలా మానేయాలో నాకు బాగా తెలుసు. అమ్మ ఎప్పటిలాగే ఏమీ అనలేదు.

మూడో ఆదివారం మామ్మ మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. నన్ను తిట్టలేదు. తన సంగతి చెప్పింది. తోటలో ఆమె తొక్కింది పెనిమిటి సైకిల్. ఆమెకు చాలా ఎత్తు. ఒకరోజు నిండు డబ్బాలతో వస్తుంటే పంది అడ్డం వచ్చింది. కాలు దింపబోతే నేల అందలేదు. డబ్బాలతో సహా పడిపోయింది. ఆ రోజు గీసిన పాలన్నీ మట్టిలో కలిశాయి. అప్పుడామె కడుపుతో ఉందట. ఆ బిడ్డ దక్కలేదని, కాఫీలో పంచదార లేదని చెప్పే గొంతుతోనే చెప్పింది.

మళ్ళీ ఆ సైకిల్ ఎలా ఎక్కావు మామ్మా అని అడిగాను.

"వారం పడుకున్నాను. మరి ఎక్కకపోతే? సెట్లు అడగవు, పని సూసే కంగాణీ అడుగుతాడు." వెనక తలుపు వైపు చూసి, "నిన్ను అడిగేవోలు లేరు. అందుకే వచ్చినాను. ఆ దుప్పటి తియ్యే. సుదాలా" అంది. మలయ్‌లో, ఇక చాలు అని.

తీశాను.

పందెం పోయిన ఆదివారం జరిగింది. వచ్చి గట్టున కూర్చుంటానన్న మామ్మ, నాలుగు రోజుల ముందే మూత్రపిండాల జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరింది. ఈతలో ఉప్పునీళ్ళు మింగాను. రోడ్డు మీద మెరిసే సైకిళ్ళు చాలా నన్ను దాటిపోయాయి. ఒకటి ఎర్రది. సైకిల్ దిగాక మొదటి పది అడుగులు కాళ్ళు ఎవరివో అనిపించాయి. పదకొండో అడుగుకు నావయ్యాయి. చివరి నుంచి ఆరోదాన్నిగా గీత దాటాను.

బుధవారం ఆమెను తీసుకువెళ్ళారు. మాలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. వాళ్ళ ఇల్లు కడగడంలో సాయం చేసి వచ్చాను. రెండు రోజుల నుంచీ నా ముందు నిలిచి ఉన్నది మాత్రం సోమవారం సాయంత్రం.

ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడ్డాను. మామ్మ మాట బాగా సన్నబడిపోయింది. ఎన్నో స్థానం వచ్చిందని అడగలేదు. ఎవరెవరు వచ్చారని అడగలేదు.

"దిగినాక?" అంది.

"పరిగెత్తినాను మామ్మా."

దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి తీసింది. మంచం అంచు మీదుగా కిందికి వెతుక్కుని నా పిక్క పట్టుకుంది. టైరును చూసినట్టు, బొటనవేలితో ఒకసారి గట్టిగా నొక్కింది. వదిలి, మళ్ళీ నొక్కింది.

"గాలుంది" అంది.

కళ్ళు మూసుకుంది. చెయ్యి మాత్రం తీయలేదు. చూడవచ్చినవాళ్ళు వెళ్ళే వేళయిందని నర్సు వచ్చి చెప్పేదాకా, నేను కదలకుండా అలాగే నిలబడ్డాను.